అమ్మ అంటించిన ఐదు చుక్కలు

అమ్మకి ఏకైక సంతానమైన అక్కకి,

అమ్మ ఇంట్లో ఉచితంగా బస చేస్తున్న తమ్ముడు రాసుకునేది.

ఫోన్ చెయ్యచ్చు కదా అంటావు. ఫోన్లో నువ్వు మొదటి వాక్యానికే నవ్వుతావు. నువ్వు నవ్వితే నా కోపం పోతుంది. ఈ కోపాన్ని నేను వారం రోజులుగా ఎంతో శ్రద్ధగా పెంచుకుంటున్నాను. పైగా మనింటి గోడల సంగతి నీకు తెలుసు. నేను వంటింట్లో దగ్గితే అమ్మ వీధి గుమ్మంలోంచి మందు పట్టుకొస్తుంది.

నేను నగర ఉద్యానవనాల శాఖలో ప్రణాళికా సహాయకుణ్ణి. అంటే పాతికేళ్ల తర్వాత ఈ ఊళ్ళో ఎవరు ఏ చెట్టు కింద కూర్చోవాలో ఇప్పుడే తేల్చిపారేసే మహాయంత్రంలో ఒక చిన్న మరమేకుని. నెలాఖరుకి మా ప్రణాళిక కౌన్సిల్ ముందుకి వెళ్తుంది. ఇంటి పన్నుకి తోడు కొద్దిగా పార్కుల పన్ను వేస్తారు. ఆ డబ్బు ఏ పేటలో దేనికి ఖర్చుపెట్టాలో ఒకసారి సంతకాలైపోతే పదేళ్ళ దాకా ఎవడూ కదపలేడు.

అందుకే ప్రజల్నే అడుగుదామని టౌన్‌హాల్ గోడకి ఊరి పటం తగిలించాం. వచ్చినవాళ్ళకి తలా ఐదు చుక్కలు, వెనక జిగురున్న రంగు కాగితాలు. పచ్చది బెంచీకి, నీలం మరుగుదొడ్డికి, ఎరుపు ఆటలకి, పసుపు కసరత్తు సామానుకి. ఏ పేటలో ఏది కావాలంటే అది అక్కడ అంటించాలి. నువ్వూ వచ్చావు, చూశావు.

మాకు సలహాలివ్వడానికి ఒక పెద్దమనిషిని పెట్టుకున్నారు. ఆఫీసంతా ఆయన్ని దూరదృష్టిగారంటాం. ఎదురుగా ఉన్న కుర్చీ తప్ప అన్నీ కనిపిస్తాయి ఆయనకి. ఆ చుక్కల్ని లెక్కపెట్టించి ఒక నివేదిక రాశాడు. పటంలో పైనున్న మన కొండపేటలో అన్నీ పసుపు చుక్కలే కాబట్టి 'కొండపేటవాసులు స్వభావతః వ్యాయామప్రియులు' అట. కింద మీ ఏటిఒడ్డు పేటలో పచ్చవీ నీలాలూ కిక్కిరిసి ఉన్నాయి కాబట్టి 'ఏటిఒడ్డువాసులు విశ్రాంతిప్రియులు' అట. ఏట్లోనే నాలుగు ఎర్రచుక్కలు కనబడ్డాయి. 'నగరవాసుల్లో జలక్రీడల పట్ల ఆకాంక్ష అంతర్లీనంగా ప్రవహిస్తున్నది' అని దానికో అధ్యాయం. అక్కా, మన వీధిలో వ్యాయామప్రియుడంటే ఆ మెట్లెక్కి గ్యాస్ సిలిండర్ మోసుకొచ్చే అతనొక్కడే. అదీ జీతం కోసం.

సరే, నివేదిక సంగతి దేవుడెరుగు. నా బాధ వేరు.

అమ్మ మోకాళ్ళ డాక్టరు రోజూ నడవమన్నాడు. అమ్మ నీళ్ళ ట్యాంకు పక్క ఖాళీ స్థలం దాకా వెళ్తుంది, కూర్చోడానికి రాయి కూడా లేదని వెనక్కొస్తుంది. దారిలో అవసరపడితే ఎక్కడికి పోవాలన్న భయంతో మధ్యాహ్నం నుంచే నీళ్ళు తాగడం మానేస్తుంది. ఈ మధ్య నడకే మానేసింది. ఆ స్థలంలో ఒక బెంచీ, ఒక మరుగుదొడ్డి వస్తే చాలు. ఇప్పుడక్కడ ఇనప కడ్డీలు పాతి అమ్మని వేలాడమంటారు, పదేళ్ళ పాటు.

మరి అమ్మ ఏం చేసిందో తెలుసా? మూడు పచ్చవి, రెండు నీలాలు తీసుకుంది. సొంత కొడుకు తగిలించిన పటం మీద ఐదుకి ఐదూ తీసుకెళ్ళి మీ పేటలో అంటించింది. నా కళ్ళారా చూశాను. సొంత పేటకి ఒక్కటంటే ఒక్కటి లేదు. చిన్నప్పుడు మీగడ నీకు, పాలు నాకు పోసేది, సర్దుకున్నాను. ఇప్పుడు ఊరి పార్కులు కూడా నీకేనా?

ఈ ఉద్యోగం ఇక్కడ పడేసి, ఏదైనా ప్రైవేటుది చూసుకుందామనుకుంటున్నాను. రాజీనామా రాసి సొరుగులో పెట్టాను. భాష చాలా బాగా కుదిరింది.

ఇట్లు,
పాలు మాత్రమే తాగి పెరిగిన
నీ నిచ్చెన


ఒరేయ్ నిచ్చెనా,

ఉత్తరం మీ బావకి చదివి వినిపించాను. ఆయన నవ్వి నవ్వి కాఫీ ఒలకబోశాడు. టేబుల్ గుడ్డ నువ్వే ఉతకాలి.

మా పేటలో పార్కు వస్తే నాకేం ఒరుగుతుందిరా? మీ బావ అందులో కూర్చుని ఇంటికి రావడం మానేస్తాడు, అంతే. అమ్మ మీద అలిగే బదులు అమ్మనే అడగొచ్చుగా. ఇరవైనాలుగేళ్ళొచ్చాయి, ఇంకా ఎవరికెంత మీగడ అని లెక్కలు. ఆ రాజీనామా చించెయ్. నీకు ప్రైవేటులో ఎవడిస్తాడు ఉద్యోగం, ఉత్తరాలు రాసినందుకా?

ఇంకో సంగతి. ఆ జలక్రీడల ఆకాంక్ష మా చిన్నది. ఆ ఎర్రచుక్కలు నాలుగూ అదే అంటించింది. ఏట్లో ఎందుకు వేశావే అంటే, "అక్కడిదాకే అందింది" అంది. ఐదోది తన నుదుట పెట్టుకుంది. మీ పెద్దమనిషికి చెప్పు, దాని మీద కూడా ఒక అధ్యాయం రాస్తాడు.

అక్క


అక్కకి, అక్క గారాలపట్టికి,

నీ ఉత్తరం ఆఫీసులో విప్పాను. 'అక్కడిదాకే అందింది' అన్నచోట ఆగిపోయాను. నవ్వు రాలేదు. నేరుగా ఇంటికొచ్చి అమ్మని అడిగాను.

"అమ్మా, ఆ రోజు చుక్కలన్నీ అక్క పేటలో ఎందుకేశావు?"

"నేనెక్కడేశాను? చెయ్యి అక్కడిదాకే పోయింది." పప్పు ఏరుతూ చెప్పింది, తల కూడా ఎత్తలేదు. "మన పేట ఎక్కడో నెత్తిమీద పెట్టావు. భుజం ఎత్తితే నొప్పి. వెనక జనం తోస్తున్నారు."

"నన్ను పిలవచ్చుగా."

"నువ్వు మెడలో కార్డు వేసుకుని ఆ పెద్దవాళ్ళతో ఫోటోలో నిలబడ్డావు. అంతమందిలో పిలిచి, నన్ను ఎత్తుకోరా అనాలా?"

"మరి అంటించకుండా వచ్చెయ్యాల్సింది."

"ఐదిచ్చారు, పారేస్తామా ఏంటి?"

అక్కా, నేను ఆరడుగుల పైన ఉన్నాను. నాకా పటం ఎక్కడైనా అందుతుంది. ఇంతకాలం నాకు తట్టనే లేదు.

మర్నాడు పెద్ద మేడమ్ దగ్గరికెళ్ళాను. మా శాఖకంతటికీ ఆవిడే అధికారి. మనిషి పొట్టి, మాట ఇంకా పొట్టి. దూరదృష్టిగారు అక్కడే ఉన్నాడు. పటం ఇంకా హాల్లోనే వేలాడుతోంది. అక్కడిదాకా తీసుకెళ్ళి, "మేడమ్, ఒక్కసారి కొండపేట మీద చెయ్యి పెట్టండి" అన్నాను.

ఆవిడ నన్నో చూపు చూసి చెయ్యెత్తింది. మునివేళ్ళ మీద లేచింది. చెయ్యి రైలుకట్ట దగ్గర ఆగిపోయింది. పచ్చచుక్కలూ నీలంచుక్కలూ కూడా, కత్తితో కోసినట్టు, సరిగ్గా అక్కడే ఆగిపోయాయి. ఆ పైనంతా పసుపే. పొడుగాటి కుర్రాళ్ళ రాజ్యం.

దూరదృష్టిగారు గొంతు సవరించుకున్నాడు. "కొండపేటవాసులు స్వభావతః..."

"మీరాగండి. ఇంత ఎత్తున ఎవరు పెట్టించారు?"

"నేనే మేడమ్. వేదిక మీద పెద్దలు కూర్చుంటే తలలు అడ్డం రాకుండా, ఫోటో కోసం."

"ఫోటో బాగా వచ్చిందా?"

"బ్రహ్మాండంగా వచ్చింది మేడమ్" అన్నాడాయన, సంతోషంగా.

 ఆ ఊపులోనే నివేదిక అచ్చయిపోయిందనీ, మళ్ళీ అడగడానికి డబ్బు లేదనీ, కౌన్సిల్ ఊరుకోదనీ వరసగా చెప్పుకుపోయాడు. అంతా విని ఆవిడ, "పటం ఉంది, నేలా ఉంది, వీటికి డబ్బెందుకు? ఆదివారం దీన్ని కింద పరవండి. కౌన్సిల్‌తో నేను మాట్లాడతాను" అంది. తర్వాత నా వైపు తిరిగి, "మీ అమ్మగారిని తీసుకురా" అంది. అమ్మ సంగతి ఆవిడకి నేను చెప్పలేదు. నా మొహం చెప్పేసినట్టుంది.

ఆదివారం ఊరంతా చెప్పులు బయట విడిచి ఊరి మీద నడిచింది. దూరదృష్టిగారు కూడా బూట్లు విప్పక తప్పలేదు. మేజోడులోంచి ఆయన బొటనవేలు భవిష్యత్తులోకి తొంగిచూస్తోంది. ముసలివాళ్ళు తమ వీధుల మీద నిలబడి పక్కింటివాళ్ళని పిలుచుకున్నారు. మధ్యాహ్నానికి నీళ్ళ ట్యాంకు పక్కన నీలమూ పచ్చా కుప్పలు పడ్డాయి. కొండపేటలో ఒక్కరోజులో వ్యాయామప్రియత్వం అంతరించింది. అమ్మ బెంచీ ఖాయం, మరుగుదొడ్డీ ఖాయం. మేడమ్ అక్కడికక్కడే మొదటి ఏడాది పనుల్లో రాయించింది.

అమ్మ అందరికంటే ఆఖర్న వచ్చింది. మెల్లగా ఏరు దాటి, రైలుకట్ట దాటి, మన వీధి మీద నిలబడి చుట్టూ చూసింది. మోకాళ్ళు వంగవు కాబట్టి చుక్కలు నా చేతిలో పెట్టింది.

"ఇక్కడో నీలం వెయ్యి."

వేశాను.  ఇన్నాళ్ళూ నేను పెంచిన కోపం గురించి ఆవిడకి చెప్పేద్దామనుకున్నాను.

"మిగతావి అక్క పేటలో."

"అమ్మా."

"ఇక్కడ అందరూ వేశారు, కనబడట్లా? అక్కడ పిల్లలెక్కువ. పద."

అధికార చిహ్నం మెడలో వేలాడుతుండగా, మా శాఖ అంతా చూస్తుండగా, నేను మోకాళ్ళ మీద పాక్కుంటూ మీ పేటకి వచ్చాను అక్కా. మూడు నా చేత్తోనే అంటించాను. ఆఖరిది ఎర్రది. "చిన్నదానికి మాటిచ్చాను, ఏట్లో వెయ్యి" అంది.

వేశాను. దూరదృష్టిగారు పరిగెత్తుకొచ్చి వంగి చూసి, "నేను చెప్పలేదూ" అన్నాడు.

రాజీనామా ఇవ్వట్లేదు, చించనూ లేదు. వెనకవైపు తెల్లగా ఉంది కదా అని ఈ ఉత్తరం దాని మీదే రాస్తున్నాను, పారేస్తామా ఏంటి? టేబుల్ గుడ్డ పంపించు, ఉతుకుతాను.

నీ పేట సేవలో నడుం పట్టేసిన
నిచ్చెన