గుమ్మడి పుప్పొడిలో ఏముందంటే

అమ్మా,

లిలువాలో మన రైల్వే క్వార్టర్ పెరట్లో నువ్వు గుమ్మడి మగపువ్వు తుంచి ఆడపువ్వుకి అద్దుతుంటే, "పుప్పొడిలో ఏటుంటాదమ్మా?" అని అడిగేదాన్ని. "సదూకోని నువ్వే సెప్పే" అనేదానివి.

ఈరోజు పీహెచ్‌డీ వైవాలో చెప్పాను. పుప్పొడిలో ఒక కణం విత్తనంలోకి చేరదు. పక్కనున్న బీజకణాలు చెడకుండా చిన్న ఆర్‌ఎన్‌ఏలు చేసి పంపి, తాను అక్కడితో అంతమైపోతుంది. ఈ కాపలా విద్య మూలాలు పువ్వులకంటే పాతవి, నాచుల్లోనూ ఉన్నాయి.

"మరి విత్తనంలో ఆ కణం గుర్తేమిటి?" అన్నారు పరీక్షకులు.

"విత్తనం బాగుండడమేనండీ" అన్నాను.

వెనక వరసలో ఇంగ్లీషు రాని నాన్న నేను తన కూతుర్నని పక్కనున్న బెంగాలీ ఆయనతో గట్టిగా చెప్పాడు: "ఆమార్ మేయే దాదా, మా గుంట!"

నువ్వు పోయాక పాదుకి పూలు పూసి రాలిపోయేవి. ఈసారి నేనే అద్దాను. పిందె నిలిచిందమ్మా.