గిరిబాబును పిలవకుండా ఫ్రిజ్ బాగుచేయడం

జూన్ 18, ఉదయం 6:40
పాలు విరిగాయి. ఫ్రిజ్ సరిగ్గా చల్లబడటం లేదు.
"మా తమ్ముడికి ఫోన్ సెయ్యనా?" అంది మా ఆవిడ ఉష.
వద్దన్నాను! ఆ తమ్ముడే గిరిబాబు. విజయనగరంలో ఫ్రిజ్‌లు బాగుచేసే షాపు వాడిది. మొన్న పెళ్ళిలో, భోజనాల పంక్తి మధ్య, "మా బావ పాఠం సెప్తాడు గానీ బల్బు మార్చలేడు" అన్నాడు. విస్తళ్ళ ముందు పదకొండు మంది నవ్వారు. నాకింకా మంటగానే ఉంది. ఇరవై ఏళ్ళుగా జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతున్నవాణ్ణి!
నిర్ణయం: గిరిబాబు గడప తొక్కకుండా, ఆదివారంలోగా ఫ్రిజ్ నేనే బాగుచేస్తాను.

సాయంత్రం 5:30
1. ప్లగ్గు: బాగుంది.
2. థర్మోస్టాట్: మూడు మీద ఉంటే ఐదుకి తిప్పాను.
3. తలుపు రబ్బరు: కాగితం పెట్టి లాగాను, ఊడిరాలేదు. బ్రహ్మాండం!
4. కంప్రెసర్: ఆగకుండా మోగుతోంది, పాపం.
5. వెనక గొట్టాల్లోంచి వేడి బయటికి పోతోందా? లోపలి వేడిని తెచ్చి వెనక వదిలేయడమే ఫ్రిజ్ పని. ఏటా బోర్డు మీద బొమ్మ గీసేది నేనే. అయినా చూద్దామని ఫ్రిజ్‌ను జరపబోయాను.
"ఒరే ధనరాజూ, దాన్ని జరపకు! సలిగాలి తగుల్తాది" అని అరిచింది అమ్మ.
ఫ్రిజ్‌కి చలిగాలేమిటో! పెద్దావిడ మాట ఎందుకు కాదనాలి? జరపలేదు.

జూన్ 19
దోసెల పిండి పొంగి కూరల ట్రేలోకి దిగింది. పెరుగు పక్కింటి మరిడమ్మగారి ఫ్రిజ్‌కి వెళ్ళింది. "బాగైనాదేటి సారూ?" అని గోడ మీంచి అడిగారావిడ. ప్రయోగం నడుస్తోందన్నాను.

జూన్ 20, మధ్యాహ్నం 1:05
దొరికింది! ఫ్రీజర్ గోడలకి రెండంగుళాల ఐసు. ఆపేసి, కరిగేదాకా ఆగాలని ఫోన్లో వీడియో. అరపూట పడుతుందట. నాకు రెండింటికి క్లాసు. అట్లకాడ తీసుకున్నాను.
1:20: సగం ఊడింది.
1:26: 'స్స్స్' అని చప్పుడు. ఇరుక్కున్న గాలి కాబోలు. మంచిదే.

జూన్ 21, ఉదయం 11:10
కంప్రెసర్ మోగుతోంది. చల్లదనం సున్నా. మా చారు కూడా మరిడమ్మగారింటికి వెళ్ళింది. ఉష నాతో మాట్లాడటం లేదు.
గిరిబాబుకి ఫోన్ చేశాను. పిలవలేదు! క్షేమసమాచారాలు అడగడం పిలవడం కాదు.
"ఏటి బావా, ఫ్రిజ్ పాడైపోనాదేటి?"
"నీకెవులు సెప్పినారు?"
"అక్క పెళ్ళైన కాడ్నుంచి నువ్వు నాకు ఫోన్ సెయ్యడం ఇదే మొదలు."

సాయంత్రం 4:00
వచ్చాడు. స్క్రూడ్రైవర్ తియ్యలేదు. ఫ్రిజ్‌ను ముందుకి జరిపాడంతే. వెనక, గొట్టాలకి ఆనించి, తడి గోనె సంచి!
అమ్మ మండె కట్టింది. ఊళ్ళో అన్నయ్య నారుమడికి విత్తనం వడ్లు నానబెట్టి, మొలకెత్తాలని వెచ్చటి చోట పెట్టింది. వారంలో ఇది మూడో సంచట.
"ఇంత సక్కటి ఏడి ఇంకెక్కడ దొరుకుతాది?" అంది.
మొలకలు మాత్రం భేషుగ్గా వచ్చాయి.
గిరిబాబు ఫ్రీజర్లోకి తొంగిచూశాడు. అట్లకాడ మొనంత చిల్లు. గ్యాసంతా అందులోంచే పోయింది. వాడు నా వైపు తిరిగేసరికి పెళ్ళి పంక్తి నవ్వు మళ్ళీ వినిపించింది. సిగ్గుతో చచ్చిపోయాను.
"ఏటైనాదిరా?" అంది ఉష.
"పాతది కదక్కా, గ్యాసు దానికదే పోనాది. బావ తప్పేటీ నేదు."
ఇలాంటివాణ్ణా నేను గడప తొక్కనివ్వననుకున్నది?
గుమ్మం దగ్గర చెవిలో అన్నాడు: "బావా, తీరికున్నప్పుడు షాపుకి రా. బల్బు మార్చడం నేర్పుతాను."

జూన్ 23, ఉదయం 7:15
గిరిబాబు నిన్న చిల్లు పూడ్చి, గ్యాసు నింపి వెళ్ళాడు. ఫ్రిజ్ చల్లగా ఉంది. సంచి ఊరి బస్సెక్కింది.
ఇప్పుడే మిక్సీ గుర్రుమని ఆగిపోయింది. ఉష ఫోన్ తీసింది. వద్దన్నాను! వాణ్ణి మళ్ళీ ఎందుకు కష్టపెట్టడం?
నిర్ణయం: ఆదివారంలోగా నేనే బాగుచేస్తాను. ఈసారి ఐదో పాయింటే ముందు. మిక్సీ వెనక చూశాను. సంచి లేదు. అంటే తప్పు లోపలే ఉంది.
7:22: ఉష అట్లకాడ ఎక్కడో దాచేసింది.