చంద్రుడి మట్టి

శుక్రవారం రాత్రి, ఖైతాన్

ఎవరిమీదరా నీ గర్జన అని నన్ను నేనే అడుగుతున్నాను. ఈ గల్ఫ్‌లోని మన తెలుగువాళ్ళ సత్సంగంలో గ్రంథం పైకెత్తి, "చైనావాళ్ళ రాకెట్టు చంద్రుడి అవతలి వైపు మట్టిని తవ్వి తెచ్చింది! భూమిని ఎత్తుకుపోయిన రాక్షసుడి గర్వమే ఇది!" అని అరిచాను. అందరూ తలలూపారు. కడప రమణమ్మ మాత్రం లేచి నిలబడింది.

"అంత దూరం నుంచి మట్టినే ఇంటికి తెచ్చుకున్యారు గదన్నా! మా ఇంటాయన శవం ఇంగా ఈడ మార్చురీలోనే ఉండాదే. ఆయన్ను పనికి పెట్టుకున్న అరబ్బు, ఆ కఫీల్, సంతకం పెట్టల్యా. అరబ్బీలో గట్టిగా మాట్లాడేటోనివి నువ్వే. ఆయప్పను ఒక మాట అడగరాదా?"

ఆమె ఏడవలేదు. గదికి వచ్చి ఇంతసేపూ గ్రంథం తిరగేశాను, ఆమెకు చెప్పదగ్గ మాట ఒక్కటీ...

కఫీల్ ఇంటి దివానియాలో, అతిథులు కూర్చునే ఆ గదిలో, మగవాళ్ళు ఈ వేళకు ఇంకా కబుర్లలోనే ఉంటారు. గ్రంథం మూసెయ్. చెప్పులేసుకో. ఇప్పుడే వెళ్ళి అడుగు!