అన్నయ్య కుర్చీ పక్క చలి

మంగళవారం, సాయంత్రం

వదినకు,

నమస్కారాలు. అందరం క్షేమం అని మొదలుపెట్టాలి కదా, క్షేమమే. నువ్వు ఫోను ఎత్తడం మానేశావు కాబట్టి కాగితం మీద పడ్డాను. చదవకుండా పక్కన పెట్టావో, ఇంటికొచ్చి గట్టిగా చదివి వినిపిస్తాను. నా గొంతు సంగతి నీకు తెలుసు.

మా ఆఫీసు కాపలా మీసాలాయన బజారులో కనబడి, అన్నయ్య పోయాక కూడా కొలతల గదికి వస్తున్నాడని నీతో అన్నాడట. అప్పట్నుంచీ నువ్వు వీధి తలుపుకు గడియ పెట్టడం లేదని మేనకోడలు నాతో చెప్పి ఏడ్చింది. అక్కడికి వచ్చే మనిషి ఇంటికెందుకు రావడం లేదని దాన్నే అడిగావట. అది విన్నాక నాకు అన్నం సయించలేదు. చూసింది చూసినట్టు రాస్తాను.

ఆ గదిలో ఉక్కు దిమ్మెల పొడవు కొలుస్తాం. గది కాస్త వేడెక్కితే ఉక్కు సాగుతుంది, చల్లబడితే ముడుచుకుంటుంది, ఇక కొలత గోవిందా. అందుకే అన్నయ్య మూలనపడ్డ పాత కంప్యూటర్లు తెచ్చి గోడ పొడుగునా పేర్చి, పనికిరాని లెక్కలు చేయిస్తూ, వాటి వేడితో గదిని ఒక్క తీరుగా ఉంచేవాడు. చలి పెరిగితే అన్నీ లెక్కలు చేస్తాయి, ఉక్కపోస్తే కొన్ని ఊరుకుంటాయి. మనిషి ఒంటి వేడి ఒక కంప్యూటరు వేడికి సమానమనీ, మనిషి కూర్చుంటే ఒకటి ఆగాలనీ అనేవాడు. నేనొస్తే మాత్రం రెండు ఆపాలట, నా కోపానికి ఒకటి అదనం.

ఇప్పుడు రోజూ మధ్యాహ్నం, అన్నయ్య టీ తాగొచ్చి కూర్చునే వేళకు, కుర్చీ పక్క కంప్యూటరు లెక్క ఆపేస్తోంది. పెద్దవాళ్ళొస్తే పిల్లలు గొంతు తగ్గించినట్టు దాని ఫ్యాను చప్పుడు తగ్గిపోతుంది. కాసేపటికి ఆ మూల చల్లబడుతుంది. చెయ్యి చాపితే తెలుస్తుంది వదినా, ఒట్టు. నిన్న ఆ కుర్చీ వైపు చూసి అన్నయ్యా అని పిలిచాను. తీరా పిలిచాక, పలుకుతాడేమోనని భయమేసి బయటికి పరిగెత్తాను. సొంత అన్నకు భయపడ్డానే అని ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

ఆ చలికి కొలతలు తేడా వస్తున్నాయి. ఈ వారంలో సరిచేయకపోతే కంప్యూటర్లన్నీ పీకి పారేయిస్తానని పెద్దసారు అన్నాడు. రేపు అన్నయ్య రాసిన ప్రోగ్రాం తెరిచి చూడాలి. అందులో ఏమీ దొరక్కపోతే నీకేం చెప్పాలో తెలియదు. దొరికినా తెలియదు.

గడియ మాత్రం పెట్టుకో.

ఇట్లు,
నీ గయ్యాళి ఆడపడుచు

తా.క. పోస్టు చేసేలోపే ప్రోగ్రాం చూశాను. టీ తర్వాత తను వచ్చి కూర్చుంటాడు కాబట్టి, ఆ వేళకు పక్క కంప్యూటరు ఆగిపోవాలని అన్నయ్యే పెట్టుకున్నాడు. మేమంతా వేళాపాళా లేకుండా వచ్చేవాళ్ళం, తను మాత్రం వేళ తప్పేవాడు కాదు. ఆ కంప్యూటరు ఇప్పటికీ తన ఒంటి వేడి కోసం చోటు వదులుతోంది. ఆ మూల చల్లబడేది తను రాకపోబట్టే వదినా.

ప్రోగ్రాంలో ఆ ఒక్క వరుస తీసేస్తే సరిపోతుంది. నాకు చెయ్యి రావడం లేదు. ఒక మధ్యాహ్నం వచ్చి ఆ కుర్చీలో కూర్చో. నువ్వు కూర్చున్నంతసేపూ గది సరిగ్గా ఉంటుంది. నువ్వు లేచాక తీసేస్తాను.