‘డెరాసినేట్’కు ఉదాహరణ

బాపూ,

నువ్వు పోయి నేటికి ఏడాది. సుబేదారిలోని మన ఇంటి పెరట్లో నువ్వు పెట్టిన జామచెట్టు కూడా ఎండిపోయింది. దాన్ని తీసేయడానికి పరకాల నుంచి చెట్లు కొట్టే కొమురయ్యను పిలిపించాను.

ఆ చెట్టు కిందే కదా నాకు ఇంగ్లీషు చెప్పేవాడివి. ఒకరోజు గడ్డి పీకుతూ ‘డెరాసినేట్’ అనే మాట నేర్పావు. వేళ్లతో సహా పెకలించడం అని రాసుకున్నాను. “ఒక్క వేరు మిగిలినా ఆ మాట వాడొద్దు బిడ్డా, తప్పయితది” అన్నావు. ఉదాహరణ రాయమని నా నోటుబుక్కులో ఒక వరుస ఖాళీగా ఉంచావు.

రేడియోలో మధ్యాహ్నం వార్తలు వచ్చే వేళకు చెట్టు కూలింది. ఒక్క వేరు మాత్రం నీ గది కిందికి పోయింది. కొమురయ్య దాన్ని గుంజి గుంజి చటుక్కున వదిలేశాడు.

“అక్కా, జర ఇటు రా. నేను గుంజుతాంటే లోపట్నుంచి ఎవరో గుంజుతాండ్రు.”

నవ్వుకుంటూ వెళ్లి పట్టుకున్నాను. ఎండిన వేరు వెచ్చగా ఉంది. నువ్వు పలక మీద అక్షరాలు దిద్దించినట్టే, అది నా చేతిని మెల్లగా ముందుకు తీసుకుపోయింది.

“మట్టి కప్పెయ్యి కొమురయ్యా” అన్నాను. అతను పార అందుకున్నాడు.

సాయంత్రం నోటుబుక్కు తీశాను. ఆ వరుస ఇంకా ఖాళీగానే ఉంది బాపూ. రాస్తే తప్పవుతుంది.