యాగప్పపాలెం గుడి మీద మేడ వేయకముందు

గుంటూరు జిల్లా, ప్రత్తిపాడు దగ్గర యాగప్పపాలెం కాపురస్థుడు, కీర్తిశేషులు శౌరయ్య గారి కుమారుడు, నీటిపారుదల శాఖలో వర్క్ ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరైన డెబ్బై మూడేళ్ళ కొమ్మవరపు రాయప్ప అనే నేను, మంచి తెలివిలో ఉండి, ఎవరి ఒత్తిడీ లేకుండా, నా చేతిరాతతో రాసుకున్న వీలునామా ఇది. ఇంతకుముందు రాసినవి ఏవైనా ఉంటే అవి ఇక చెల్లవు.

మంచి తెలివిలో ఉన్నానని గుంటూరు బ్రాడీపేట డాక్టరుగారు ఇచ్చిన కాగితం జతపరిచాను. ఈ రోజు ఏ వారమో చెప్పమన్నారాయన. ప్రతి ఆదివారం గుడి బయట ఎండలో నిలబడ్డ జనాన్ని చూసి ఒళ్ళు మండేవాణ్ణి, నాకు వారాలు మరుపొస్తాయా?

నా భార్య ఎలీసమ్మ 2015లో కాలం చేసింది. మాకు ఇద్దరు పిల్లలు. కుమారుడు జయపాల్, మా విచారణ (క్యాతలిక్ పారిష్) గుడి కట్టడం కమిటీకి కార్యదర్శి. కుమార్తె స్తుతి, వినుకొండలో టీచరు. ఈ వీలునామా అమలు చేసే బాధ్యత స్తుతికి అప్పగిస్తున్నాను. జయపాల్‌కి ఎందుకు అప్పగించలేదంటే, వాడు కాగితం చదవకుండా సంతకం పెడతాడు. కమిటీ తీర్మానాలన్నీ అలాగే పెట్టాడు.

1. నేను కాపురముంటున్న డాబా ఇల్లు, పెరడు, పెరట్లో బోరుతో సహా జయపాల్‌కి సర్వహక్కులతో దఖలు పరుస్తున్నాను. ఒరే జయపాల్, ఈ ఇంటికి నలభై ఏళ్ళలో ఒక్క బీట రాలేదు. ఎందుకు రాలేదో నువ్వు ఒక్కసారి కూడా అడగలేదు.

2. ఊరి దక్షిణాన ఉన్న ఎకరం ఇరవై సెంట్ల మిర్చి చేను స్తుతికి దఖలు పరుస్తున్నాను. అమ్ముకుంటుందో, కౌలుకిస్తుందో ఆమె ఇష్టం. అన్న సలహా తీసుకోనక్కర్లేదు.

3. గుడి పక్కన మిర్చి ఆరబోసుకునే నా పన్నెండు సెంట్ల కళ్ళం మా విచారణకు దానంగా ఇస్తున్నాను. షరతు ఒక్కటే. అందులో ఆడవాళ్ళకు మరుగుదొడ్లు కట్టాలి. ఇంకేమీ కట్టకూడదు. పూజ మధ్యలో లేచి పత్తి చేలోకి నడిచే ఆడవాళ్ళను తొమ్మిదేళ్ళుగా చూస్తున్నాను. మొదటి విడతలోనే కట్టాలని ప్లానులో రాసుంది. ఏమైందయ్యా అంటే, దాత దొరకలేదంటారు! అదే ఫ్యాను ఇమ్మంటే పదిమంది ముందుకొస్తారు, రెక్క మీద పేరు రాస్తారు కనక. మా గుడిలో ఒక ఫ్యానుకి మూడు రెక్కల మీద ముగ్గురు అన్నదమ్ముల పేర్లున్నాయి. తిరిగితే పేర్లు కనపడవని పండుగ రోజు దాన్ని ఆపించేశారు మహానుభావులు. కింద కూర్చున్నవాళ్ళు చెమటతో తడిసిపోయారు. మరుగుదొడ్డి మీద పేరు ఎవరికీ అక్కర్లేదు కదా, నా పేరు రాయండి. ‘కొమ్మవరపు రాయప్ప జ్ఞాపకార్థం’ అని, నల్లరాయి మీద, రోడ్డు మీదికి కనపడేటట్టు.

4. విచారణ గురువులు ఫిలిప్ ఫాదరు గారికి నా బీరువాలో ఉన్న ప్లాను కాగితాల ఫైలు ఇవ్వాలి. ఫాదరుగారూ, నా చిన్నప్పుడు ఇక్కడ మనవాళ్ళవి నలభై గడపలు. మార్కాపురం వైపు నుంచి మిర్చి కోతలకు వచ్చినవాళ్ళు ఇక్కడే నిలిచిపోయి, ఇప్పుడు నాలుగొందల కుటుంబాలయ్యాయి. అందుకే మూడు విడతల్లో కట్టాలనుకున్నాం. మొదటి విడత, లోతైన పునాది, దాని మీద హాలు, మరుగుదొడ్లు. రెండో విడత, హాలు మీద మేడ, ఇంకో మూడొందలమంది కూర్చునేటట్టు. మూడో విడత, చేతిలో ఏమైనా మిగిలితే గంటగోపురం, ఆర్చి. కట్టడం తెలిసినవాడెవడైనా ఈ వరసే చెబుతాడు. కానీ మాకు ఫాదర్లు మారినప్పుడల్లా వరస మారింది. ఒకాయన వచ్చి ముందు లూర్దుమాత గుహ అన్నారు. ఆయన బదిలీ అయ్యాక ఇంకొకాయన వచ్చి ముందు ఆర్చి అన్నారు. ఆర్చి కింద నుంచి లోపలికొస్తే కూర్చోవడానికి చోటు లేదు.

మీరు మంచివారు. జనం ఎండలో నిలబడటం చూసి మీ మనసు ఆగలేదు. వచ్చే మే నెలలో, మిర్చి అమ్ముడుపోగానే మేడకు స్లాబు పోయాలని తీర్మానం చేయించారు. గోడలు బీటలిచ్చాయి కదా అంటే, అది పాత మేస్త్రి సిమెంటు తినడం వల్ల, ఈసారి మంచి మేస్త్రిని పెట్టి బీటలు పూడుస్తామని కమిటీ అంటోంది. మేడ వద్దని రెండేళ్ళుగా నెత్తీ నోరూ కొట్టుకుంటున్నాను. ఎందుకు వద్దో చెప్పండి రాయప్పగారూ అని మీరు అడిగినప్పుడు మాత్రం మాట తప్పించి ఇంటికొచ్చేశాను. ఆ సంగతి ఏడో అంశంలో రాశాను.

5. నా మడత కుర్చీ కోతలకు పోయే క్రిస్టీనాకి ఇవ్వాలి. చంటిదాన్ని ఎత్తుకుని పూజ మొత్తం బయట గోడవారన నిలబడుతుందామె. రెండుసార్లు కుర్చీ ఇవ్వబోతే, ‘మీరు పెద్దాయన, మీరు కూకోండి తాతా’ అంది. ఇప్పుడు వద్దనడానికి నేను ఉండను.

6. నా ఇత్తడి తూకం గుండు, రసమట్టం, టేపు, ఉద్యోగంలో దాచుకున్న పుస్తకాలు పాలిటెక్నిక్‌లో సివిల్ చదువుతున్న ముబీన్‌కి ఇవ్వాలి. ఆ పిల్ల మేస్త్రి షేక్ ఇమాం హుస్సేన్ కూతురు. చిన్నప్పుడు తండ్రికి అన్నం క్యారియరు తెచ్చి, ఈ గుండు దారం పట్టుకుని గోడ నిలువు చూసేది. ‘అర అంగుళం బయటికుంది అబ్బా’ అని తండ్రినే తప్పుపట్టేది. నిజంగానే ఉండేది.

7. ఇది ఆస్తి కాదు. అయినా ఇన్నేళ్ళూ నేనే పెట్టుకుని కూర్చున్నాను కనక రాస్తున్నాను.

2017లో గుడికి పునాది తవ్వించింది నేను. నా సర్వీసు చూసి అప్పటి ఫాదరుగారు పని మొత్తం నా చేతిలో పెట్టారు. కట్టింది ఇమాం హుస్సేన్. మాది నల్లరేగడి. వానకు ఉబ్బుతుంది, ఎండకు చెయ్యి దూరేంత నెర్రెలిస్తుంది. కింద గట్టి గరప నేల తగిలేదాకా, తొమ్మిదడుగులు దిగాలని ప్లానులో ఉంది. ఐదడుగుల దగ్గర నేను ఆపించాను. ఇమాం హుస్సేన్ గుంటలోంచి పైకొచ్చి మట్టిముద్ద చూపించి, ‘ఇదింకా రేగడేనండీ ఇన్‌స్పెక్టరుగారూ, దీనిమీద మేడ నిలబడదండీ’ అన్నాడు. ‘చెప్పింది చెయ్యవయ్యా’ అన్నాను.

ఎందుకు ఆపానో కూడా రాస్తాను. ఎలీసమ్మ పోయి అప్పటికి రెండేళ్ళు. ప్రొటెస్టెంటు ఇంట్లో పుట్టి నా కోసం మా గుడికొచ్చిన మనిషి. వాళ్ళ గుడికి గంట ఉండేది. మా పాత గుడిలో రైలు పట్టా ముక్క వేలాడదీసి కొట్టేవాళ్ళం. ‘గంట కూడా లేదు, మీదేం గుడండీ’ అని కాపురం చేసినన్నాళ్ళూ ఆటపట్టించింది. గంటగోపురం మూడో విడత దాకా ఆగితే నేను బతికుంటానో లేదో అనుకున్నాను. నేనిచ్చిన చందా పునాదిలో పోస్తే మట్టిలో కలిసిపోతుంది, ఆమె పేరు ఎక్కడ రాస్తారు? అందుకే లోతు తగ్గించి, మిగిలిన డబ్బుతో గోపురం లేపాను. ఆమె పేరుతో పాలరాయి పెట్టించాను. ఫ్యాను రెక్కల మీద పేర్లను వెక్కిరిస్తున్నది ఈ మనిషే.

మూడో ఎండాకాలానికి గోపురం పక్క గోడ పైనుంచి కిందిదాకా బీటలిచ్చింది. కమిటీవాళ్ళు అడిగితే ‘మేస్త్రినడగండి’ అని చేతులు దులుపుకున్నాను. ఆ ఒక్క మాటతో ఇమాం హుస్సేన్ సిమెంటు తిన్నవాడైపోయాడు. ఈ చుట్టుపక్కల మళ్ళీ ఒక్క ఇల్లు ఆయన చేతికివ్వలేదు. ముప్పై ఏళ్ళు మేస్త్రిగా బతికినవాడు గుంటూరు అపార్టుమెంట్లలో ఇంకొకరి కింద కూలికి పోతున్నాడు. ఒక్కరోజు కూడా నా గుమ్మంలోకొచ్చి ఇదేం పనండీ అని అడగలేదు. వచ్చి నాలుగు తిట్టినా బాగుండేది. ఆయన బస్సు దిగే వేళకు నేను రోడ్డు మీదికి వెళ్ళడం మానేశాను. నాకు సిగ్గుగా ఉంది.

కాబట్టి అందరికీ తెలియజేయడమేమంటే, ఇమాం హుస్సేన్ ఒక్క బస్తా సిమెంటు కూడా తక్కువ వేయలేదు. తప్పు నాది. ఎంత గొప్ప మేస్త్రిని తెచ్చినా ఆ పునాది మీద మేడ వేయకూడదు. వేస్తే అది కిందివాళ్ళ మీద పడుతుంది. గోపురం దించేసి గోడమీద బరువు తగ్గించాలి. ఎలీసమ్మ పేరున్న రాయి ఆమె సమాధి దగ్గర పెట్టాలి. ఆమె నన్ను తిడుతుంది, నేను పడతాను. మేడకు బదులు హాలుకు రెండు పక్కలా, గరపదాకా దిగి, వెడల్పాటి వరండాలు కట్టాలి. ఇమాం హుస్సేన్ ఒప్పుకుంటే ఆ పని ఆయనకే ఇవ్వాలి. ఒప్పుకోకపోతే ఆయన్ని ఒక్క మాట అనకూడదు. బ్యాంకులో నా పేర ఉన్నదంతా ఆ వరండాల పునాదికే వాడాలి. దానికి రాయీ వద్దు, పేరూ వద్దు.

8. ఇక్కడిదాకా రాసి గుంటూరు లాయరుగారికి చూపిస్తే, కవరులో పెట్టి సీలు వేద్దామండీ, మీ తదనంతరం తెరుస్తారు అన్నారు. అప్పుడు బుర్రకు తట్టింది. స్లాబు మే నెలలో పోస్తారు. ఆలోపు నేను పోతానని గ్యారంటీ ఏముంది? బీపీ కూడా బాగానే ఉంది నాకు! ఇన్నేళ్ళూ దాచి, పోయాక చెబితే చాలనుకున్నాను చూడండి, అంత పిరికివాణ్ణి. కనక ఏడో అంశానికి నా చావుతో పని లేదు. వచ్చే ఆదివారం, ఈస్టరు ముందు తపస్సు కాలంలో రెండో ఆదివారం, పూజ కాగానే మైకు ముందు నిలబడి నేనే చదువుతాను. జయపాల్ మైకు కట్టేస్తే స్తుతి అందుకుని చదవాలి. బడిలో అరిచే గొంతే, బయట నిలబడ్డవాళ్ళకు కూడా వినపడుతుంది.

సాక్షి సంతకం చేసేవారికి ఆస్తిలో ఏమీ రాయకూడదట. ఇమాం హుస్సేన్‌కి నేనేమీ రాయలేదు, సాక్షిగా రమ్మని కబురుపెట్టాను. లోపల ఏముందో సాక్షి చదవనక్కర్లేదని కూడా లాయరుగారు చెప్పారు. ఆయన మాత్రం మొత్తం చదివాకే, ఒప్పుకుంటేనే సంతకం పెట్టాలని నా మనవి.

2026 ఫిబ్రవరి 26, గురువారం, యాగప్పపాలెంలో నా ఇంట్లో సాక్షుల ఎదుట సంతకం చేశాను.

(సంతకం) కొమ్మవరపు రాయప్ప

సాక్షులు:

1. (సంతకం) మరియదాసు, ఉపదేశి, యాగప్పపాలెం.

2. (సంతకం) షేక్ ఇమాం హుస్సేన్, తాపీ మేస్త్రి, ప్రత్తిపాడు. మొత్తం చదివాను. ఏడో అంశంలో ఐదడుగులని రాశారు. మీరు తవ్వించింది నాలుగేనండీ. దిద్దండి.