రేడియో తీసేశాక

మేనేజరు గారికి నమస్కారం.

పాటలు వింటే పని మీద ధ్యాస ఉండదని మా కుట్టు హాల్లో రేడియో తీయించారు. చాలా మంచి పని చేశారు. ఇన్నాళ్లూ పల్లవికొక కాలరు, చరణానికొక చెయ్యి కుట్టేసి కంపెనీకి ఎంత నష్టం చేశామో. ఇప్పుడు పని నత్తనడక నడుస్తోంది గానీ, ధ్యాస మాత్రం బ్రహ్మాండంగా ఉంది.

ఎంతగా కుదిరిందంటే, చెక్క గోడ అవతల మీ ఫోను మాటలు పొల్లుపోకుండా వినిపిస్తున్నాయి. "తప్పు నాదేలే, అన్నం తిను" అని మీరు మీ ఆవిణ్ణి బతిమాలుతుంటే మాకు కళ్లు చెమర్చాయి. మా ఆయనకు అంత ఓపిక ఎక్కడిది?

నిన్న పెద్ద సారుతో, "పాతవాళ్లలో ముగ్గుర్ని తీసేద్దాం సార్. ముందే చెప్తే పని పాడుచేస్తారు" అన్నారు. మెషీన్లన్నీ ఒక్కసారిగా ఆగాయి. మీరు తలుపు తీసి, "ఏంటి, ఆపేశారు?" అని అడిగారు కూడా.

మనిషికి సంగీతం ఎందుకో నాకప్పుడు తెలిసింది. ఆ ముగ్గురి పేర్లు మీరింకా ఫోనులో చెప్పలేదు. చెప్పేముందు దయచేసి రేడియో పెట్టించండి, కాస్త గట్టిగా.

ఇట్లు,
మీ గోడ పక్క మెషీన్ దగ్గర కూర్చునే, ఈ హాల్లో అందరికన్నా పాతదాన్ని.